డ్రాప్ జోన్ పైలటా, ఇన్‌స్ట్రక్టరా? 250 గంటల దగ్గర తేల్చుకోవాల్సిన లెక్క

కమర్షియల్ లైసెన్స్ చేతికొచ్చే నాటికి లాగ్‌బుక్‌లో దాదాపు 250 గంటలు ఉంటాయి. అమెరికాలో ఎయిర్‌లైన్ కో-పైలట్ సీట్లో కూర్చోవాలంటే 1,500 కావాలి. గుర్తింపు ఉన్న కాలేజీలో నాలుగేళ్ళ ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్ళకు 1,000కి తగ్గుతుంది. మధ్యలో ఉన్న ఆ గంటలు ఎవరి పెట్రోలు మీద ఎగరాలన్నదే సమస్య. అప్పటికే ఇంటి దగ్గర బ్యాంకు లోనుకో, పొలం మీద తెచ్చిన అప్పుకో వడ్డీ నడుస్తూ ఉంటుంది. ఇంకో డాలరు పంపమని నాన్నని అడగడానికి నోరు రాదు.

గంటలు పోగేసుకోవడానికి ఎక్కువమంది చూసే దారులు రెండు. ఒకటి, నేర్చుకున్న స్కూల్లోనే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడం. రెండోది, స్కైడైవింగ్ చేసేవాళ్ళని పైకి తీసుకెళ్ళి దింపే, అంటే దూకించే డ్రాప్ జోన్‌లో పైలట్‌గా చేరడం. బ్యానర్లు లాగడం, పైప్‌లైన్ల మీద ఎగిరి చూసి రావడం, సర్వే ఫొటోలు తీయడం లాంటివి కూడా ఉన్నాయి కానీ ఆ ఖాళీలు తక్కువ. నేను మొదటి రెండూ చేశాను. ఎనిమిది నెలలు ఇన్‌స్ట్రక్టర్‌గా, ఆ తర్వాత రెండు సీజన్లు డ్రాప్ జోన్‌లో. అందుకని ఈ పోలిక అంత నిష్పక్షపాతంగా ఉండదు, ముందే చెబుతున్నా.

ముందు వీసా సంగతి. విమానం గురించి ఆలోచించేది ఆ తర్వాతే. ఎం-1 వీసా మీద శిక్షణకు వెళ్ళినవాళ్ళకు ప్రతి 4 నెలల చదువుకు 1 నెల చొప్పున, మొత్తం 6 నెలలకు మించకుండా ప్రాక్టికల్ ట్రైనింగ్ దొరుకుతుంది. ఎఫ్-1 మీద యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్ళకు ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలు. ఎం-1 వాళ్ళకు ఆ ఆరు నెలలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పడితే, మంచు పడే ఇల్లినాయ్‌లోనో విస్కాన్సిన్‌లోనో డ్రాప్ జోన్‌లో చేరడం కన్నా ఇంట్లో కూర్చోవడం చవక. ఇవేవీ డ్రాప్ జోన్ ఓనర్‌కు తెలియవు, తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. స్కూల్లో మీ డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ఎవరికైనా మాటివ్వండి.

మరీ సూటిగా చెప్పాలంటే, ఇండిగోలోనో ఎయిర్ ఇండియాలోనో ఎగరడం మీ లక్ష్యమైతే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు చాలు. ఆ తర్వాత డబ్బు, సమయం వెళ్ళేది లైసెన్స్ మార్పిడి పరీక్షలకూ, ఫలానా రకం విమానం నడపడానికి విడిగా కావాల్సిన టైప్ రేటింగ్‌కూనే. మన దేశంలో డ్రాప్ జోన్ ఉద్యోగం చేద్దామన్నా హర్యానాలో నార్నౌల్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉన్నాయి. అమెరికాలోనో, న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలోనో కొన్నాళ్ళు పని చేయాలనుకునేవాళ్ళు చదవండి.

రోజు ఎలా గడుస్తుంది

డ్రాప్ జోన్ పైలట్ పని అంటే మన ఊళ్ళో షేర్ ఆటో బేరం లాంటిదే. బండి నిండాలి, బయల్దేరాలి, అందరినీ దింపాలి, ఖాళీగా వెనక్కి రావాలి, మళ్ళీ నిండాలి. ఆటోవాడిలాగే పైలట్‌కీ ఎక్కడ ఎంత మంది కూర్చున్నారో, బండి వెనక్కి వాలుతోందో లేదో ఒంటితోనే తెలిసిపోవాలి.

పొద్దున్నే వెళ్ళగానే చేసేది ట్యాంకుల అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి వంపి, నీళ్ళు కలిశాయేమో చూడటం. ఇది మామూలు తతంగమని తీసిపారేయకండి. 1992లో కాలిఫోర్నియాలోని పెర్రిస్‌లో ఇంధనంలో నీళ్ళు కలవడంతో రెండు ఇంజన్ల ట్విన్ ఆటర్ విమానం ఒకటి టేకాఫ్ అయిన కాసేపటికే కూలి 16 మంది పోయారు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఎక్కాలో చూసే మానిఫెస్ట్ కౌంటర్ నుంచి మొదటి లోడ్ (ఒక్కో ట్రిప్పుకి ఎక్కే గుంపు) కాగితం వస్తుంది. ఎవరెవరు ఎక్కుతున్నారు, గేర్‌తో కలిపి ఎవరి బరువెంత, ఎవరు ఎంత ఎత్తులో దూకుతారు అన్నీ అందులో ఉంటాయి. టేకాఫ్ అయ్యాక ఫుల్ పవర్‌తో గిరగిరా తిరుగుతూ పైకి ఎక్కడమే. దూకడానికి కనీసం 5 నిమిషాల ముందే కంట్రోలర్‌తో రేడియోలో మాట కలిసి ఉండాలి. గాలికి ఎదురుగా తిప్పి జంప్ రన్ (దూకే చోటు మీదుగా వెళ్ళే సూటి దారి) పట్టి, నేల మీద ఎక్కడ దిగుతారో లెక్కగట్టి, పవర్ తగ్గించి, తలుపు తీయమని సైగ చేస్తాం.

అప్పటి నుంచి అర నిమిషం, నిమిషం పాటు ఈ ఉద్యోగం అసలు రూపం కనబడుతుంది. సెస్నా 182లో అయితే ఒకడు చక్రం మీది మెట్టు మీద నిలబడి రెక్క కింది స్ట్రట్ (ఊత కడ్డీ) పట్టుకుని వేలాడుతుంటాడు. వేగం తగ్గిపోతూ ఉంటుంది, ముక్కు పక్కకి లాగుతూ ఉంటుంది. ట్విన్ ఆటర్‌లో అయితే ఏడెనిమిది మంది ఒక్కసారిగా వెనక తలుపు దగ్గర గుమిగూడతారు. బరువంతా తోక వైపు చేరుతుంది, స్పీడు పడిపోతే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేవు. ఎవరి పారాషూట్ అయినా తలుపు దగ్గరే పొరపాటున తెరుచుకుంటే తోకకి చుట్టుకునే ప్రమాదమూ ఉంది. అందుకే చాలా డ్రాప్ జోన్లలో పైలట్ కూడా వీపుకి పారాషూట్ కట్టుకుని కూర్చుంటాడు. దాన్ని 180 రోజుల్లోపు రిగ్గర్ (పారాషూట్లు మడిచే నిపుణుడు) విప్పి మళ్ళీ మడిచి ఉండాలని నియమం. అలంకారానికి కట్టుకునేది కాదది. 2013 నవంబర్‌లో విస్కాన్సిన్‌లోని సుపీరియర్ దగ్గర పక్కపక్కన ఎగురుతున్న రెండు జంప్ విమానాలు గాల్లో గుద్దుకున్నాయి. ఒకదాని రెక్క ఊడిపోయింది, దాని పైలట్ కూడా దూకేశాడు. రెండు విమానాల్లోని 11 మందీ బతికారు. 2015 జనవరిలో న్యూజీలాండ్‌లోని టౌపోలో టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజన్ పోతే, లోపలున్న 13 మందీ, పైలట్‌తో సహా, దూకి బయటపడ్డారు. విమానం సరస్సులో పడింది.

ఇక దిగడం. టర్బైన్ (జెట్ తరహా ఇంజన్) విమానమైతే ఆఖరివాడు దూకగానే ముక్కు కిందికి వంచి జర్రున దిగిపోవచ్చు, చాలాసార్లు దూకినవాళ్ళ కంటే ముందే నేల మీద ఉంటాం. కారు ఇంజన్ లాంటి పిస్టన్ ఇంజన్‌తో ఆ సరదా కుదరదు. పైకెక్కుతూ బాగా వేడెక్కిన సిలిండర్లని ఒక్కసారిగా చల్లగాలిలోకి తోస్తే పగుళ్ళిస్తాయి, కాస్త పవర్ ఉంచుకుంటూ మెల్లగా దించాలి. దిగాక నీళ్ళు ఒక గుటక, అరటిపండు ఒకటి, తర్వాతి లోడ్. భోజనం కాక్‌పిట్‌లోనే. జలుబు చేసిన రోజు మాత్రం వెళ్ళకండి, రోజుకి ఇరవై సార్లు 13,000 అడుగులు ఎక్కి దిగితే చెవులు ఏమవుతాయో నేను ఒక వారం పాటు సగం వినపడక తెలుసుకున్నాను.

ఇన్‌స్ట్రక్టర్ రోజు గురించి అంత చెప్పక్కర్లేదు, మీరు ఆ కుర్చీకి పక్క కుర్చీలో ఏడాది కూర్చున్నారు. ల్యాండింగ్ మీ చేతిలో ఉండదు, స్టూడెంట్ చేతిలో ఉంటుంది. మీ చేయి మాత్రం ఎప్పుడూ కంట్రోల్స్‌కి రెండంగుళాల దూరంలో ఉంటుంది.

గంటలు ఎక్కడ బాగా పడతాయి

చాలామంది ఇక్కడే పొరబడతారు. 1,500 అనేది ఒక్క అంకె కాదు. ఆ లోపల కనీసం 500 గంటలు క్రాస్ కంట్రీ, 100 గంటలు రాత్రి, 75 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా పరికరాల మీదే ఎగరడం) ఉండాలి. ఈ లెక్కలో క్రాస్ కంట్రీ అంటే బయల్దేరిన చోటి నుంచి 50 నాటికల్ మైళ్ళకు పైగా వెళ్ళడం. డ్రాప్ జోన్ విమానం ఎయిర్‌పోర్ట్ నెత్తి మీదే తిరుగుతుంది. రెండు సీజన్లు చెమటోడ్చి 900 గంటలు పోగేసినా అందులో క్రాస్ కంట్రీ సున్నా. సూర్యాస్తమయం తర్వాత దూకేవాళ్ళు 3 మైళ్ళ దూరం కనిపించే లైటు పెట్టుకోవాలి కాబట్టి రాత్రి జంపులు ఎప్పుడో పండక్కో పబ్బానికో ఉంటాయి. మబ్బులు ఉంటే జంపులే ఉండవు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇన్‌స్ట్రక్టర్‌కి క్రాస్ కంట్రీ, రాత్రి గంటలు స్టూడెంట్లతో పాటే వచ్చి పడతాయి. కానీ ఆ సర్టిఫికెట్ కోసం మళ్ళీ ఫీజు కట్టాలి, చెక్‌రైడ్ (గాల్లో పెట్టే పరీక్ష) ఇవ్వాలి. డ్రాప్ జోన్‌కు కమర్షియల్ లైసెన్స్, సెకండ్ క్లాస్ మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) ఉంటే సరిపోతుంది. 182 ఇంజన్ 230 హార్స్‌పవర్, 200 దాటింది కాబట్టి హై పెర్ఫార్మెన్స్ ఎండార్స్‌మెంట్ (లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం) ఒకటి చేయించుకోవాలి.

చేతి నేర్పు విషయంలో మాత్రం డ్రాప్ జోన్‌కి సాటి లేదు. రోజుకి పది, ఇరవై టేకాఫులు, అన్నే ల్యాండింగులు, అన్నీ మీ చేతులతోనే. ఎదురుగాలిలో, పక్కగాలిలో, నిండా బరువుతో, పూర్తి ఖాళీగా. నా ల్యాండింగ్ బాగుపడింది ఇన్‌స్ట్రక్టర్‌గా కాదు, ఇక్కడే.

చిన్న డ్రాప్ జోనా, పెద్దదా

డ్రాప్ జోన్‌కే మొగ్గారనుకుందాం. ఇప్పుడు అసలు ఎంపిక.

చిన్న చోట ఒకటో రెండో సెస్నా 182లు ఉంటాయి. నలుగురిని ఎక్కించుకుని 10,000 అడుగులు చేరడానికి సుమారు అరగంట. పని ఎక్కువగా శని, ఆదివారాల్లోనే, జీతం లోడుకింత అని. వాన పడితే షెడ్డులో కూర్చుని పేకాట, జేబులోకి పైసా రాదు. కానీ 250 గంటలవాణ్ణి తీసుకునేది ఇలాంటి చోటే. ఓనర్, చీఫ్ పైలట్, మెకానిక్ ముగ్గురూ ఒక్క మనిషే అయిన చోట్లు కూడా ఉంటాయి. ఆ మనిషి మంచివాడైతే ఒక్క సీజన్‌లో ఇంజన్ విప్పి చూపించి మరీ నేర్పిస్తాడు. మంచివాడు కాకపోతే మీరు అడుగడుగునా ఇరుక్కుంటారు.

పెద్ద చోట టర్బైన్ విమానాలు ఉంటాయి. అరిజోనాలో ఎలోయ్, ఫ్లోరిడాలో డీలాండ్, జెఫర్‌హిల్స్, కాలిఫోర్నియాలో పెర్రిస్, షికాగో దగ్గర ఒటావా, హ్యూస్టన్ దగ్గర రోషరాన్ అలాంటివి. ఒంటి ఇంజన్ కారవాన్‌లో పదిహేను మంది దాకా, ట్విన్ ఆటర్‌లో 22, 23 మంది. 13,000, 14,000 అడుగులు పావుగంట, ఇరవై నిమిషాల్లో. వీటి బరువు 12,500 పౌండ్లు దాటదు కాబట్టి టైప్ రేటింగ్ అక్కర్లేదు, లాగ్‌బుక్‌లో మాత్రం టర్బైన్ గంటలు పడతాయి. ట్విన్ ఆటర్‌లో అయితే మల్టీ ఇంజన్ గంటలు కూడా. తర్వాత ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ కాలమ్‌కి ఉండే విలువే వేరు. చిక్కల్లా ఇన్సూరెన్స్ కంపెనీతో. కొత్తవాళ్ళని టర్బైన్ సీట్లో కూర్చోబెట్టడానికి వాళ్ళు ఒప్పుకోరు. అందుకని 182 మీద కొన్ని వందల గంటలు చేశాకే ఇటు రావడం మామూలు దారి. పెద్ద చోట కూడా 182 ఒకటి ఉండి, అందులో మొదలుపెట్టి కారవాన్‌కు ఎక్కించే పద్ధతి ఉంటే, దాన్ని మించిన బేరం లేదు.

ప్రాంతం కూడా చూసుకోవాలి. ఉత్తరాన మంచు పడే రాష్ట్రాల్లో సీజన్ వేసవికే పరిమితం. ఫ్లోరిడా, అరిజోనాల్లో ఏడాదంతా నడుస్తుంది, కాకపోతే ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు లోడ్లని సగానికి కోస్తాయి. కొలరాడోలో నేలే చాలాచోట్ల 5,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, అక్కడ సముద్రమట్టం లెక్కన 14,000 సులువుగా దాటేస్తారు, పైలట్ ఆక్సిజన్ పెట్టుకుని తీరాలి. 12,500 నుంచి 14,000 మధ్య 30 నిమిషాలు దాటితేనే పెట్టుకోవాలన్నది నియమం. ఒక్కో లోడ్‌లో ఆ ఎత్తున ఉండేది నాలుగైదు నిమిషాలే కాబట్టి మిగతాచోట్ల ఎవరూ పెట్టుకోరు. సాయంత్రానికి తలనొప్పి ఎందుకొస్తోందో నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

న్యూజీలాండ్‌లో టౌపో, క్వీన్స్‌టౌన్ లాంటి చోట్ల కథ వేరు. అక్కడ దూకేది ఎక్కువగా టూరిస్టులు, టాండెమ్ జంపులు (ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని ఇద్దరూ కలిసి దూకడం), కాబట్టి వారంలో అన్ని రోజులూ పని ఉంటుంది. అక్కడే తయారైన పీఏసీ 750 ఎక్స్ఎల్, 17 మందిని మోసే ఒంటి ఇంజన్ టర్బైన్, ఈ పని కోసమే పుట్టిన విమానం. కానీ ఆ లైసెన్స్, ఆ వీసా మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.

చూడాల్సింది విమానాన్ని కాదు

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఇది: ఆ చోట "వద్దు" అనే హక్కు ఎవరి చేతిలో ఉంది?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి 25 మైళ్ళ లోపల, మధ్యలో ఎక్కడా ఆగకుండా, దూకేవాళ్ళ కోసం నడిపే విమానాలు విమానాలు అద్దెకు నడిపే చార్టర్ కంపెనీల కఠినమైన నిబంధనల కిందికి రావు. అందుకే 250 గంటల మీకు ఆ సీటు దొరుకుతోంది. అందుకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చూపు కూడా అక్కడ పలచన. చార్టర్ కంపెనీలో పైవాళ్ళు పట్టుకునే తప్పుని ఇక్కడ మీరే పట్టుకోవాలి. 2008లో అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఈ విమానాల మీద ఒక ప్రత్యేక నివేదిక ఇచ్చింది. 1980 నుంచి 32 ప్రమాదాలు, 172 మంది మృతి అని లెక్క తేల్చి, మెయింటెనెన్స్, పైలట్ శిక్షణ, పర్యవేక్షణ మూడింటినీ తప్పుపట్టింది. 2019 జూన్‌లో హవాయిలోని డిల్లింగ్‌హామ్‌లో ఒక కింగ్ ఎయిర్ టేకాఫ్ అయిన క్షణాల్లో తిరగబడి 11 మంది పోయారు. టేకాఫ్‌లో పైలట్ చూపిన దూకుడు, వెనక్కి చేరిన బరువు, ఆ స్థితిలో ఎగరడంలో సరిపోని శిక్షణ, ముందెప్పుడో దెబ్బతిని సరిగ్గా బాగుచేయని రెక్క, ఎఫ్‌ఏఏ చూడకపోవడం, అన్నీ ఆ నివేదికలో ఉన్నాయి. దూకేవాళ్ళని మోసే పైలట్‌కి దూకుడు ఉండకూడదని నాకు మొదటి రోజు చెప్పిన చీఫ్ పైలట్‌కి తెలుగు రాదు గానీ, ఆయన ఇంగ్లీషులో చెప్పింది సరిగ్గా ఇదే.

నేను చేసిన రెండు చోట్లలో ఒకదాని పేరు చెప్పను. అక్కడ లోడుకింత అని జీతం, ఎగరకపోతే నాకూ లేదు, ఓనర్‌కీ లేదు. ఒక ఆదివారం మబ్బులు దట్టంగా కమ్మాయి. 10,000 అడుగుల లోపల మబ్బుకి కింద 500, పైన 1,000, పక్కన 2,000 అడుగుల ఎడం ఉండాలి, చూపు 3 మైళ్ళు ఉండాలి. ఏదీ లేదు. వద్దన్నాను. "కింద నలుగురు టాండెమ్ వాళ్ళు డబ్బు కట్టి కూర్చున్నారు, పైకెళ్ళి చూసి రా" అన్నాడు. వెళ్ళాను. చిన్న సందు దొరికింది, దూకారు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అసలు ఇబ్బంది, మరుసటి వారం నుంచి "పోయినసారి వెళ్ళావుగా" అన్నమాట మొదలైంది. నెల తిరక్కుండా మానేశాను. రెండో చోట రోజు జీతం. లోడ్లు 4 అయినా 18 అయినా అదే డబ్బు. పైలట్ వద్దంటే మానిఫెస్ట్ అమ్మాయి మైకులో "వెదర్ హోల్డ్" అని చెప్పేది, ఎవరూ ఎందుకని అడిగేవాళ్ళు కాదు.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు జీతం ఎంత అనే కంటే ముందు జీతం దేని మీద అని అడగండి. విమానం ఎగిరిన ప్రతి 100 గంటలకీ చేయాల్సిన ఇన్‌స్పెక్షన్ చివరిసారి ఎప్పుడు జరిగిందో విమానం లాగ్‌బుక్ చూపించమనండి. వేసవిలో బాగా నడిచే టర్బైన్ విమానానికి ఆ 100 గంటలు నెలలోపే నిండిపోతాయి, తేదీలు దూరదూరంగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. కొత్త పైలట్‌కి ఎన్ని లోడ్లు పక్కన కూర్చుని నేర్పిస్తారో, తలుపు దగ్గర జనం ఉన్నప్పుడు స్టాల్ ఎలా ఉంటుందో చూపిస్తారా అడగండి. అమెరికా పారాషూట్ సంఘం యూఎస్‌పీఏ తయారుచేసిన జంప్ పైలట్ శిక్షణ సిలబస్ ఉంది, దాన్ని వాడతారా అనండి. సీట్ బెల్టులు ఉన్నాయా, దూకేవాళ్ళు నిజంగా పెట్టుకుంటున్నారా చూడండి. లాగ్‌బుక్ చూపించడానికి మొహమాటపడే చోట టర్బైన్ ఉన్నా వద్దు.

ఎవరికి ఏది

ఎం-1 మీద ఉండి ఆరు నెలలే ఉన్నవాళ్ళు ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌కి పోవద్దు, అది చేతికొచ్చేసరికి వీసా అయిపోతుంది. దక్షిణాది రాష్ట్రాల్లో 182 నడిపే డ్రాప్ జోన్ వెతుక్కోండి. ఎఫ్-1 మీద ఏడాది ఉన్నవాళ్ళు, అమెరికా ఎయిర్‌లైన్ దాకా వెళ్ళే దారి ఏదైనా కళ్ళ ముందున్నవాళ్ళు, వారమంతా ఇన్‌స్ట్రక్టర్‌గా, శని ఆదివారాలు చిన్న డ్రాప్ జోన్‌లో చేయండి. క్రాస్ కంట్రీ అటు నుంచి, చేతి నేర్పు ఇటు నుంచి వస్తాయి, అలసట మాత్రం రెండు వైపుల నుంచీ వస్తుంది. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్న మన పిల్లలకు సమయం ఉంది. వాళ్ళు 182తో మొదలుపెట్టి కారవాన్, ట్విన్ ఆటర్ దాకా ఎక్కాలి, ఆ టర్బైన్ గంటలు వదులుకోవద్దు. ఎవరికీ పాఠం చెప్పే ఓపిక లేనివాళ్ళు మాత్రం గంటల కోసం ఇన్‌స్ట్రక్టర్ కావొద్దు. మీ గంటలు పెరుగుతాయి, ఆ స్టూడెంట్ డబ్బు పోతుంది.

చేరే ముందు ఒక పని చేయండి. శనివారం సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా, మామూలు చూసేవాడిలాగా వెళ్ళి గడ్డి మీద కూర్చోండి. పొద్దుగుంకే వేళకి ఆఖరి లోడ్ కోసం అందరూ ఎగబడతారు. పైలట్ అప్పటికి పదిహేను సార్లు ఎక్కి దిగి ఉంటాడు. అతను తలుపు తీసి దిగి, "ఇవాళ్టికి ఇంతే" అన్నాడనుకోండి. మానిఫెస్ట్ కౌంటర్ దగ్గర ఓనర్ ముఖం చూడండి.